క్లౌడ్ డైరెక్టర్ నేర్చుకుందాం – 5: ఏ టెనెంట్‌కి ఎంత?

క్లౌడ్ డైరెక్టర్ అంటే ఒకే సర్వర్ల గుంపును చాలామంది వాడకందార్లకు (టెనెంట్లకు) పంచిపెట్టే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్. పోయిన పాఠంలో నాలుగు సర్వర్లు కలిపి ఒక ప్రొవైడర్ వీడీసీ (వర్చువల్ డేటా సెంటర్, అంటే పంచడానికి ఒకచోట చేర్చిన వనరుల మొత్తం) కట్టాం. చివర్లో ఒక లెక్క ఇచ్చాను. ఒక్కో సర్వర్‌లో 2.5 గిగాహెర్ట్జ్ కోర్లు 32, ర్యామ్ 512 జీబీ. పంచడానికి మన చేతిలో ఎంత ఉన్నట్టు?

320 గిగాహెర్ట్జ్, 2,048 జీబీ అని రాసుకున్నారా? గుణకారం సరిగ్గానే ఉంది. కానీ ఒక సర్వర్ పడిపోతే దాని మీది వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు) మిగతా మూడింట్లో లేవాలి కదా. అందుకని ఒకదాన్ని లెక్కలోంచి తీసేయండి. 240 గిగాహెర్ట్జ్, 1,536 జీబీ మిగులుతాయి. హైపర్‌వైజర్ (సర్వర్ మీద వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) సొంత వాడకానికి, వీఎంల ఓవర్‌హెడ్‌కి కొంత వదిలి, ర్యామ్‌ని నేనైతే 1,400 దగ్గర ఆపుతాను. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్‌ని రెండుగా చూపించే పద్ధతి) వల్ల ఒక్కో సర్వర్‌లో 64 ప్రాసెసర్లు కనిపించాయని 480 గిగాహెర్ట్జ్ రాసినవాళ్లు మళ్లీ చూసుకోండి. థ్రెడ్లు రెట్టింపైనంత మాత్రాన గిగాహెర్ట్జ్ రెట్టింపు కావు.

ఇవాళ ఈ మొత్తాన్ని టెనెంట్లకు పంచుతాం. టెనెంట్ చేతికి వచ్చే ముక్క పేరు ఆర్గనైజేషన్ వీడీసీ. పాత డాక్యుమెంట్లలో 'వీక్లౌడ్ డైరెక్టర్' అని కనిపిస్తే కంగారు పడొద్దు, ఇదే సాఫ్ట్‌వేర్. 2020లో 10.1 వెర్షన్‌తో పేరు మారింది.

మొదట ఒక తేడా పట్టుకోవాలి. లిమిట్ వేరు, గ్యారంటీ వేరు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కాలువ మీద మీ పొలానికి ఒక తూము ఉందనుకోండి. తూము ఎంత పెద్దదైతే గరిష్ఠంగా అన్ని నీళ్లు తీసుకోవచ్చు. అది లిమిట్. పైనున్నవాళ్లంతా తూములు ఎత్తేసిన రోజున కూడా చివరి ఆయకట్టుకు ఖాయంగా ఎన్ని నీళ్లు వస్తాయన్నది గ్యారంటీ. తూముల సైజులన్నీ కలిపితే కాలువని మించవచ్చు, అందరూ ఒకేసారి ఎత్తరు కాబట్టి నడిచిపోతుంది. గ్యారంటీలు మాత్రం కాలువని మించకూడదు.

ప్రొవైడర్ పోర్టల్‌లో రిసోర్సెస్, క్లౌడ్ రిసోర్సెస్, ఆర్గనైజేషన్ వీడీసీస్, న్యూ. టెనెంట్‌ని, ప్రొవైడర్ వీడీసీని ఎంచుకున్నాక అలొకేషన్ మోడల్ అడుగుతుంది.

రిజర్వేషన్ పూల్‌లో ఇచ్చిందంతా గ్యారంటీయే. టెనెంట్ వాడినా వాడకపోయినా అది వాళ్లదే. అలొకేషన్ పూల్‌లో మొత్తం ఇంత అని ఇచ్చి, అందులో ఇంత శాతం గ్యారంటీ అంటాం. పే యాజ్ యూ గో అయితే వీఎం ఆన్ చేసినప్పుడే రిసోర్స్ కట్టుబడుతుంది. నాలుగోది ఫ్లెక్స్, 2019లో 9.7 వెర్షన్‌తో వచ్చింది. ఇందులో పై మూడింటి ప్రవర్తననూ కావలసినట్టు మలుచుకోవచ్చు. కానీ దాంతో మొదలుపెట్టకండి, మిగతా మూడూ చేతికి అలవాటయ్యాక చూద్దాం.

మనకు ముగ్గురు టెనెంట్లు ఉన్నారనుకుందాం. ప్రొడక్షన్ నడిపేవాళ్లకు రిజర్వేషన్ పూల్: 80 గిగాహెర్ట్జ్, 512 జీబీ. డెవలప్‌మెంట్ టీమ్‌కి అలొకేషన్ పూల్: 120 గిగాహెర్ట్జ్‌లో 20 శాతం గ్యారంటీ, 600 జీబీలో 75 శాతం. కాలేజీ ల్యాబ్‌కి పే యాజ్ యూ గో: కోటా (అంటే లిమిట్) 60 గిగాహెర్ట్జ్, గ్యారంటీ 25 శాతం, ర్యామ్ కోటా 400 జీబీ, గ్యారంటీ 80 శాతం.

పక్కనే కాగితం పెట్టుకుని కూడండి. సీపీయూ లిమిట్లు 260, అంటే మన 240 దాటాయి. గ్యారంటీలు 80, 24, 15 కలిపి 119. ర్యామ్ లిమిట్లు 1,512, గ్యారంటీలు 512, 450, 320 కలిపి 1,282. సీపీయూలో సగానికి పైగా గ్యారంటీ లేకుండా వదిలేశాను, ర్యామ్‌లో మాత్రం పిసినారిలా ఉన్నాను. ఎందుకంటే సీపీయూ చాలకపోతే వీఎంలు క్యూలో నిలబడతాయి, కాస్త నెమ్మదిస్తాయి, అంతే. ర్యామ్ చాలకపోతే బెలూనింగ్ (వీఎంల నుంచి ర్యామ్ వెనక్కి లాక్కోవడం) మొదలై చివరికి ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీదికి స్వాప్ అవుతుంది. అప్పుడు యూజర్ల ఫోన్లు మోగుతాయి.

పే యాజ్ యూ గోలో వీసీపీయూ (వీఎంకి కనిపించే ప్రాసెసర్) స్పీడ్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ 1 గిగాహెర్ట్జ్ ఉంటే, 4 వీసీపీయూల వీఎంకి మొత్తం 4 గిగాహెర్ట్జే లిమిట్. కింద 2.5 గిగాహెర్ట్జ్ కోర్లు ఖాళీగా ఉన్నా దానికి అందవు. 'సర్వర్ ఖాళీగానే ఉంది, వీఎం మాత్రం పాకుతోంది' అని ఎవరైనా అంటే ముందు ఈ గడి చూడండి.

తర్వాతి పేజీ స్టోరేజ్. ఇక్కడ 'అన్‌లిమిటెడ్' అనే ఎంపికను ముట్టుకోవద్దని ప్రత్యేకంగా చెప్తున్నాను. నేను పనిచేసిన ఒకచోట టెస్టింగ్ వాళ్లకి దాన్ని అలాగే వదిలేశాం, పైగా థిన్ ప్రొవిజనింగ్ (రాసేకొద్దీ మాత్రమే డిస్కు చోటు తీసుకునే పద్ధతి). దసరా సెలవుల్లో ఒక స్క్రిప్ట్ లాగ్ ఫైళ్లు రాసుకుంటూ పోయి డేటాస్టోర్ (వీఎంల డిస్కులు ఉండే చోటు) మొత్తం నింపేసింది. అదే డేటాస్టోర్ మీదున్న వేరే టెనెంట్ల వీఎంలు కూడా ఆగిపోయాయి. ఆ పండగ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అంకె వేసేటప్పుడు డిస్కుల సైజు ఒక్కటే కూడితే చాలదు. వీఎం ఆన్ అయినప్పుడు దాని ర్యామ్‌లో గ్యారంటీ లేని భాగానికి సరిపడా స్వాప్ ఫైల్ తయారవుతుంది. మన ల్యాబ్ టెనెంట్ దగ్గర 20 జీబీ ర్యామ్ వీఎంకి 80 శాతం గ్యారంటీ అంటే 16 జీబీ రిజర్వ్ అవుతుంది, మిగిలిన 4 జీబీ డిస్కు మీద చోటు తింటుంది. అలాంటివి 20 వీఎంలుంటే 80 జీబీ. స్నాప్‌షాట్లకు (వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో దాచుకునే వాటికి) కూడా చోటు వదలండి.

చివరగా వీఎం సైజింగ్ పాలసీ. వీడీసీ మొత్తానికి లిమిట్ పెట్టినా, ల్యాబ్‌లో ఒక్క కుర్రాడు 200 జీబీ వీఎం ఒకటి లేపితే మిగతావాళ్లకు సగమే మిగులుతుంది. అందుకే చిన్నది 2 వీసీపీయూలు, 4 జీబీ. పెద్దది 4 వీసీపీయూలు, 16 జీబీ అని రెండు పాలసీలు చేసి ల్యాబ్ వీడీసీకి అసైన్ చేయండి. చిన్నదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి, 'సిస్టమ్ డిఫాల్ట్' పాలసీని ఆ వీడీసీ నుంచి తీసేయండి. అది అక్కడే ఉంటే ఎవరికి నచ్చిన సైజు వాళ్లు టైప్ చేసుకోవచ్చు, మీరు చేసిన పాలసీలు అలంకారానికే మిగులుతాయి.

అభ్యాసం: నాలుగో టెనెంట్ వచ్చి 40 గిగాహెర్ట్జ్, 150 జీబీతో రిజర్వేషన్ పూల్ కావాలన్నారు. సీపీయూ పడుతుందా? ర్యామ్ పడుతుందా? పట్టకపోతే, కొత్త సర్వర్ కొనకుండా, పాత ముగ్గురిలో ఎవరి శాతాన్ని ఎంత తగ్గిస్తారు? ఆ మార్పు వల్ల వాళ్ల వీఎంల స్వాప్ ఫైళ్లు ఎంత పెరుగుతాయో కూడా పక్కన రాసి ఉంచండి. వచ్చే పాఠం నెట్‌వర్క్‌ల మీద. దానికి ముందు మీ అంకెలు, నా అంకెలు పోల్చుకుందాం.