వానల్లో ఆరుబయలు బడి: నీళ్ల మీద ఎవరి చూపు?

మృగశిర కార్తె వచ్చింది. బడులు తెరిచారు. తొలకరి పడిన మూడో రోజునే మా పక్క మండలంలోని ఒక ఆరుబయలు బడిలో నాలుగేళ్ల పాప గుంతలో పడింది. వేసవిలో మొక్క నాటడానికి తవ్వి వదిలేసిన గుంత అది. రాత్రి వానకు నిండింది. లోతు పెద్దవాళ్ల మోకాలిదాకా కూడా రాదు. "టీచర్, చెప్పు తేలుతోంది" అని ఇంకో పిల్లవాడు అనకపోతే పాప దక్కేది కాదు.

ఆ సమయంలో అక్కడ పిల్లలు పద్దెనిమిది మంది, పెద్దవాళ్లు ఐదుగురు. తరువాత నేను వెళ్లి ఐదుగురినీ విడివిడిగా అడిగాను. ఐదుగురూ ఒకే మాట చెప్పారు: "మిగతావాళ్లు చూస్తున్నారనుకున్నాను."

పదహారేళ్లుగా చెట్ల కింద మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో పని చేస్తున్నాను. ఇలాంటివి మూడు దగ్గర నుంచి చూశాను. ఒకదానిలో బాబు దక్కలేదు. మూడూ పెద్దవాళ్లు ఉండగానే జరిగాయి. అందుకే గొడుగులు, రెయిన్‌కోట్లు, కాచి చల్లార్చిన నీళ్లు, దోమల సంగతి ఇక్కడ రాయను. అవి మీకు తెలుసు. అందరూ చూస్తున్నారు అనుకున్న చోట ఎవరూ చూడటం లేదన్న సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నీళ్లు

మునిగిపోయే పిల్లవాడు కేకలు వేస్తాడని, చేతులు కొట్టుకుంటాడని అనుకుంటాం. పసిపిల్లలు చడీచప్పుడు లేకుండా మునిగిపోతారు. ఊపిరికే తావు లేనప్పుడు అరుపు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ వయసులో ఒంటితో పోల్చితే తల బరువు ఎక్కువ. ముందుకు వంగి బోర్లా పడితే చేతులు ఊని లేచే బలం ఉండదు. బెత్తెడు నీళ్లు చాలు. నాలుగైదు నిమిషాలు ఊపిరి అందకపోతే మెదడు దెబ్బతింటుంది. మీరు ఒక ఫోన్ మాట్లాడి పెట్టేసే సమయం అది.

బడి చుట్టూ చెరువు లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. నేను చూసిన మూడింటిలో ఒక్కటీ చెరువు కాదు. ఒకటి పశువుల కుడితి తొట్టి, ఒకటి ఇంకుడు గుంత, ఒకటి రోడ్డు పనికి మట్టి తీసిన మొరం గుంత. మీ బడికి అర కిలోమీటరు లోపల ఉన్న సంపులు, ఇటుక బట్టీ గుంతలు, పాత బావులు, మూత లేని బోరు గొట్టాలు అన్నీ కాగితం మీద గీసుకోండి. వదిలేసిన బోరుబావిని మట్టితో పూర్తిగా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. పైన రాయి పెట్టడం పూడ్చడం కాదు. పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి, అందిందని ముద్ర వేయించుకోండి.

పంట కుంటల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్లు ఇంకిపోకుండా కొన్నిటి అడుగున, గోడల మీద ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. తడిసి, పాకుడు పట్టిన ఆ పట్టా మీద ఈత వచ్చిన పెద్దవాడికే కాలు నిలవదు. పట్టుకోవడానికి గడ్డిపరక ఉండదు. అలాంటి కుంట ఉన్న పొలం వైపు పిల్లలను నడకకు తీసుకెళ్లవద్దు. యజమాని మీ అన్నయ్యే అయినా సరే.

వాన పడిన ప్రతి ఉదయం పిల్లలు రాకముందే ఒకరు ఆవరణ అంతా తిరగాలి. నిన్న లేని గుంత ఈ రోజు ఉంటుంది. చిన్న గుంత అయితే అప్పుడే పూడ్చండి. చుట్టూ కంప వేస్తే సరిపోతుందనుకోవద్దు, పిల్లలకు కంప చాటున ఏముందో చూడాలనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మా బడిలో ఒక ఎర్ర కండువా ఉంది. పిల్లలు నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ, అది కాగితపు పడవలు వేసే కాలువ కావచ్చు, బురద ఆట కావచ్చు, ఒకరి భుజం మీద ఆ కండువా ఉండి తీరాలి. కండువా ఎవరి మీద ఉంటే నీళ్లు వారివి. వారు ఫోను ముట్టుకోరు. ఫొటో తీయరు. ముక్కు తుడవరు, చెప్పు బకిల్ పెట్టరు, తగువు తీర్చరు, కథ చెప్పరు. వారికి చూడటం ఒక్కటే పని. ఇరవై నిమిషాలకు చూపు అలసిపోతుంది, మనిషి మారాలి. మారేటప్పుడు కండువా చేతికి ఇచ్చేసి పోకూడదు. "అక్కా, నీళ్లు నీ చూపు" అని ఒకరు అనాలి. "నీళ్లు నా చూపు" అని రెండోవారు పైకి అనాలి. ఆ జవాబు చెవిన పడేదాకా మొదటివారి చూపు నీళ్ల మీదే. తీసుకునే మనిషి లేకపోతే ముందు పిల్లలు నీళ్లు వదిలి రావాలి, ఆ తరువాతే కండువా దిగాలి.

మొదట్లో మా ఆయాలు సిగ్గుపడ్డారు, నాటకంలా ఉందన్నారు. ఇప్పుడు పిల్లలే అడుగుతారు, "కండువా ఎవరిది టీచర్?" అని.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద ఉండాలని పసిపిల్లల సంరక్షణ, విద్యపై 2013 నాటి జాతీయ విధానం చెబుతుంది. ఆ లెక్కతో నీళ్ల దగ్గరికి వెళ్లవద్దు. వాగు ఒడ్డుకైతే నేను ఐదుగురికి ఒకరిని పెడతాను, కండువా మనిషి ఆ లెక్కలో రారు. ఆరుగురు పెద్దలున్నా, పది మంది ఉన్నా, పేరు పెట్టి ఒకరికి అప్పగించకపోతే ఆ నీళ్ల మీద ఎవరి చూపూ లేదు.

పిల్లవాడిని బయటికి తీశాక తలకిందులు చేసి తిప్పకండి, పొట్ట నొక్కకండి. నీళ్లు కక్కించడం మీ పని కాదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, తరువాత ఛాతీ నొక్కాలి, రెండూ ఆపకుండా చేస్తూనే ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివి వచ్చే విద్య కాదు. ఈ నెలలోనే నేర్పేవారిని పిలిపించుకుని, ఆయాతో సహా అందరూ బొమ్మ మీద చేసి నేర్చుకోండి. తేరుకుని నవ్వుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, తరువాత కొన్ని గంటలకు ఊపిరితిత్తులు ఇబ్బంది పెట్టవచ్చు.

పిడుగు

చెడు వాతావరణం అంటూ ఉండదు, తగని దుస్తులే ఉంటాయని ఉత్తర ఐరోపాలో ఒక మాట ఉంది. అక్కడి అటవీ బడుల నుంచి మన దగ్గరికి ఆ మాట వచ్చింది. చలికి, తుంపరకు అది నిజం. పిడుగుకు తగిన దుస్తులు లేవు.

చెట్టే మన బడి. ఉరుము వినగానే మొదట వదలాల్సింది ఆ చెట్టునే. ఉరుము వినబడిందంటే పిడుగు మిమ్మల్ని చేరగలిగే దూరంలోనే ఉంది, మీ తల మీద వాన చుక్క పడకపోయినా. పక్కా భవనంలోకి వెళ్లాలి, లేదా అద్దాలు మూసిన బస్సులోకి. నాలుగు స్తంభాల మీద రేకులు వేసిన పాక పనికిరాదు. చివరి ఉరుము విన్నాక ముప్పై నిమిషాలు గడిస్తేనే బయటికి రావాలి. మధ్యలో ఇంకొకటి ఉరిమితే లెక్క మళ్లీ మొదటికి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన, పిడుగుల గురించి హెచ్చరించే 'దామిని' యాప్ ఒక టీచర్ ఫోన్‌లో ఉండాలి. ఆ ఫోను కండువా మనిషి దగ్గర ఉండకూడదు.

పరుగున లోపలికి వెళ్లాక పేర్లు పిలిచి లెక్కపెట్టండి. ఉరుముకు బెదిరి పిల్లలు చెట్టు తొర్రలోనో ఇసుక కుప్ప వెనకో దాక్కుంటారు. ఇక్కడా అదే తప్పు జరుగుతుంది. ప్రతి టీచరూ చేతికందిన పిల్లలను పట్టుకుని పరుగెత్తుతుంది, మిగిలినవాడిని ఇంకొకరు తెచ్చారనుకుంటుంది.

పాము, తేలు

గడ్డి చీలమండ దాటి పెరగనివ్వవద్దు. కట్టెలు, ఇటుకలు గోడ వారగా పేర్చవద్దు. బూట్లు వేసే ముందు తలకిందులు చేసి దులపండి. "ఏదో కుట్టింది" అని పిల్లవాడు అంటే చీమ అని కొట్టిపారేయవద్దు. కట్లపాము కాటుకు నొప్పి, గాటు దాదాపు ఉండవు. కనురెప్పలు వాలిపోవడం చూసేసరికే ఆలస్యం అవుతుంది.

కాటు వేస్తే కదలనివ్వకుండా ఎత్తుకుని వెళ్లాలి. పట్టీలు, గాజులు తీసేయాలి, వాపు వస్తే బిగుసుకుపోతాయి. కట్టు కట్టవద్దు. కోయవద్దు. మంత్రం దగ్గర ఆగవద్దు. పామును వెతకవద్దు. విరుగుడు సూది మందు మీకు దగ్గరలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో ఈ వారమే స్వయంగా వెళ్లి అడిగి, గోడ మీద రాసి పెట్టండి. పిల్లలు చిన్నవారని ఆ మందు మోతాదు తగ్గించరు, పాము ఎక్కించిన విషం పెద్దవాళ్లకు ఎక్కించినంతే. "కొంచెం వేస్తే చాలులే" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఎర్ర తేలు పసిపిల్లల గుండెను దెబ్బతీస్తుంది. వాంతులు, చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోకండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మాత్రతో ఈ మరణాలను ఎంతో తగ్గించి చూపారు. మందు ఉంది, వేళకు చేరడమే కావాలి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

లెక్కలు నేర్పడానికి గురివింద గింజలు వాడే బడులు ఇంకా ఉన్నాయి. ఈ రోజే ఏరి పారేయండి. కొరికితే ఒక్క గింజ ప్రాణం తీయగలదు.

పచ్చ గన్నేరు, ఉమ్మెత్త, అడవి ఆముదం ఆవరణలో ఉండకూడదు. అడవి ఆముదం గింజ రుచిగా ఉంటుంది, ఒకడు తింటే పది మంది తింటారు.

మూడేళ్ల లోపు పిల్లలకు చింతపిక్కలు కూడా ఇవ్వవద్దు. ముక్కులో పెట్టుకుంటారు.

జిల్లేడు పాలు కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లు పోసి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తేనెపట్టు ఉన్న చెట్టు కింద ఆ పట్టు ఉన్నన్నాళ్లూ బడి పెట్టవద్దు. పొగ పెట్టే ప్రయత్నం అసలే వద్దు.

సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనక చూడమని తల్లులకు చెప్పండి. జ్వరంతో పాటు కాలిన మచ్చలాంటి నల్లని పెచ్చు కనిపిస్తే అది గడ్డిలోని సన్నని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు. పిల్లవాడు గడ్డిలో ఆడుతున్నాడని డాక్టరుకు మీరే చెప్పాలి.

పారుతున్న వాగు దాటవద్దు. చీలమండ లోతైనా వద్దు. తాడు పట్టుకుని కూడా వద్దు.

పెద్ద పిల్లను చిన్న పిల్లకు కాపలా పెట్టవద్దు. ఆరేళ్ల అక్క కాపలా కాదు.

తల్లిదండ్రులకు పంపే ఫొటోల కోసం ఎవరినీ నీళ్ల దగ్గర నిలబెట్టవద్దు.

బయలుదేరే ముందు లెక్క. చేరాక లెక్క. తిరిగి వచ్చాక లెక్క. తలలు కాదు, పేర్లు పిలవాలి, పిల్లలు పలకాలి.

ఇక గేటు. మా మూడు ప్రమాదాలలో రెండు బడి వదిలే వేళనే జరిగాయి. వాన మబ్బు కమ్ముకుని ఉంటుంది, ఆటోలు హారన్ కొడుతుంటాయి, గేటు దగ్గర అమ్మ, టీచర్ ఆ రోజు తిండి గురించి మాట్లాడుకుంటుంటారు. అమ్మ వచ్చింది కదా అని టీచర్ చూడదు. ఇంకా బడిలోనే ఉన్నాం కదా అని అమ్మ చూడదు. ఆ రెండు నిమిషాలు పిల్లవాడు ఎవరి వాడూ కాదు. అందుకే చెయ్యి చేతిలో పెట్టి, "అమ్మా, మీ బాబు మీ చూపు" అని పైకి చెప్పండి. "నా చూపు" అని ఆమె అన్నాకే చెయ్యి వదలండి. తాతయ్య వచ్చినా, ఆటో డ్రైవర్ వచ్చినా అంతే. ఆఖరి పిల్లవాడి చెయ్యి అప్పగించేదాకా కండువా భుజం దిగకూడదు.