ఎస్టిమేషన్‌కి టీమంతా ఎందుకు కూర్చోవాలి, ఎలా కూర్చోవాలి

సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఒక స్టోరీకి, అంటే వాడేవాళ్లకు పనికొచ్చే ఒక చిన్న ఫీచర్‌కి, ఎంత పని పడుతుందో టెక్ లీడ్ ఒక్కరే చెప్పేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మరి ఏడుగురిని గంటసేపు కూర్చోబెట్టడం దేనికి? ఆ పని గురించిన సంగతులన్నీ ఏ ఒక్కరికీ తెలియవు కాబట్టి. ‘ఓటీపీతో లాగిన్’ స్టోరీనే తీసుకోండి. బ్యాకెండ్ డెవలపర్ 3 పాయింట్లు అంటారు, టెస్టర్ 13 అంటారు (పాయింట్లంటే గంటలు కావు, పని ఎంత పెద్దదో పోల్చి చెప్పే అంకెలు). ఓటీపీ గడువు తీరిపోతే? మళ్లీ పంపమంటే? వరసగా తప్పు కొడితే? మెసేజ్ అసలు రాకపోతే? ఇవన్నీ టెస్టర్ కళ్ల ముందున్నాయి, డెవలపర్‌కి తట్టలేదు. ఈ తేడా బయటపడటమే ఆ గంటకు దక్కే అసలు ఫలితం. అంకె దాని తర్వాతే.

ఇందుకు చాలా టీములు వాడే పద్ధతి ప్లానింగ్ పోకర్. 2002లో జేమ్స్ గ్రెనింగ్ దీన్ని ప్రతిపాదించారు. కార్డుల మీద సాధారణంగా 0, ½, 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 ఉంటాయి. పోనుపోను అంకెల మధ్య ఎడం పెరగడం కావాలని చేసిందే. పని పెద్దదైనప్పుడు 14కీ 15కీ తేడా ఎవరూ చెప్పలేరు, దాని మీద వాదించుకోవడం వృథా.

మొదట, అందరికీ గుర్తున్న, ఇప్పటికే పూర్తయిన ఒక చిన్న స్టోరీని 3 పాయింట్లుగా ఖాయం చేసుకోండి. ఇకపై కొలతలన్నీ దానితో పోల్చే. ఏం తయారు చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్ కొత్త స్టోరీ చదివి, ఏమేం ఉంటే అది పూర్తయినట్టో చెబుతారు. నాలుగైదు నిమిషాలు ప్రశ్నలు అడగండి, కానీ ఎవరూ అంకె పలకకూడదు. తర్వాత ఎవరి కార్డు వాళ్లు బోర్లా పెట్టి, అందరూ ఒకేసారి తిప్పాలి.

ఈ ‘ఒకేసారి’ అన్నదాన్ని సడలిస్తే మిగతాదంతా దండగే. అనుభవం ఉన్నవాళ్లు ముందే ‘ఇది 5 ఉంటుందిలే’ అనేస్తే మిగతావాళ్ల ఆలోచన ఆ 5 చుట్టూనే తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లు 13 అనుకున్నా నోరు విప్పరు. ఆన్‌లైన్‌లో చేస్తే ఓట్లను దాచి ఉంచే టూల్ వాడండి. చాట్‌లో ఒకరి తర్వాత ఒకరు టైప్ చేస్తే మళ్లీ అదే తంతు.

కార్డులు తిప్పాక అందరికన్నా ఎక్కువ వేసినవాళ్లు, తక్కువ వేసినవాళ్లు ముందు మాట్లాడాలి. వాళ్ల చేత సంజాయిషీ చెప్పించుకుంటున్నట్టు ఉండకూడదు. ‘మీకు కనబడి మాకు కనబడనిది ఏమిటి?’ అని అడగండి. తక్కువ వేసినవాళ్ల దగ్గర కూడా విషయం ఉంటుంది, ఆ భాగం వేరే మాడ్యూల్‌లో ఇప్పటికే రాసి ఉండొచ్చు. మాట్లాడాక మళ్లీ ఓటు. 5, 8 దగ్గర ఆగితే 8 తీసుకుని ముందుకు వెళ్లండి. మూడో రౌండ్‌లోనూ 3, 13 అని చీలితే స్టోరీయే స్పష్టంగా లేదన్నమాట: ముక్కలు చేయండి, లేదా ఒకటి రెండు రోజుల స్పైక్ (తెలుసుకోవడం కోసమే చేసే చిన్న ప్రయోగం) పెట్టి తెలియని సంగతి తేల్చుకోండి. సగటు మాత్రం తీయొద్దు. 3కీ 13కీ మధ్య 8 రాసేస్తే అంకె వచ్చినట్టే ఉంటుంది గానీ, అసలు తేడా అలాగే ఉండిపోయి స్ప్రింట్ (గడువు పెట్టుకుని చేసే పని విడత) మధ్యలో బయటపడుతుంది.

ఓటు పని చేసేవాళ్లదే. ప్రొడక్ట్ ఓనర్ ప్రశ్నలకు జవాబు చెబుతారు, కార్డు వేయరు. మేనేజర్ గదిలో ఉంటే అంకెలు వాటంతటవే తగ్గుతాయి, కాబట్టి వారు రాకపోవడమే మేలు. డెవలపర్లు మాత్రమే ఓటు వేసి టెస్టర్లను పక్కన పెట్టడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

పాయింట్లను గంటల్లోకి మార్చడం, ఒక టీమ్ పాయింట్లను ఇంకో టీమ్‌తో పోల్చడం మొదలైతే మనుషులు ముందుజాగ్రత్తగా అంకెలు పెంచేస్తారు. ఆ తర్వాత వెలాసిటీ (టీమ్ ఒక స్ప్రింట్‌లో పూర్తిచేసే పాయింట్లు) పెరిగినా దానర్థం ఏమీ ఉండదు.

పూర్తయిన స్టోరీల పాయింట్లను వెనక్కి వెళ్లి దిద్దకండి. దానికి బదులు, కొన్ని స్ప్రింట్లకోసారి 5 వేసిన స్టోరీలు మూడు పక్కపక్కన పెట్టి చూడండి. వాటిలో ఒకటి మిగతావాటికి రెట్టింపు పని తీసుకుందంటే, ఆ రోజు ఎవరూ అడగని ప్రశ్న ఏమిటో రాసుకుని, తర్వాతి ఎస్టిమేషన్‌లో అలాంటి స్టోరీ రాగానే ముందు అదే అడగండి.