జూన్, జూలైలో అమ్మానాన్నలతో ఎస్త్రెమదూరా కారు ప్రయాణమా? ముందు ఇవి చూసుకోండి

స్పెయిన్ అనగానే మనవాళ్ళు మాడ్రిడ్, బార్సిలోనా, మహా అయితే గ్రనాడా చూసి తిరిగొచ్చేస్తారు. పడమట పోర్చుగల్ సరిహద్దును ఆనుకుని ఎస్త్రెమదూరా అనే ప్రాంతం ఉంది. కాసెరెస్, బదహోస్ అని రెండే ప్రావిన్సులు, రోడ్లు బాగుంటాయి, ఊళ్ళు పాతవి, జనం తక్కువ. మాడ్రిడ్ నుంచి ఏ-5 హైవే పట్టుకుంటే దాదాపు 250 కిలోమీటర్లలో త్రుహీయో వస్తుంది, అక్కణ్ణుంచి గ్వాదలూపే మఠం, కాసెరెస్ పాతబస్తీ, మెరిదాలో రోమన్ల కట్టడాలు అన్నీ గంట, గంటన్నర దూరంలోనే. వెళ్ళమని ఎవరికైనా చెప్తాను. కానీ మన సెలవులు ఎండాకాలంలోనే వస్తాయి, పిల్లల స్కూళ్ళు ఉండవు, పెద్దవాళ్ళు వీసా తీసుకుని వచ్చేదీ అప్పుడే, సరిగ్గా ఆ నెలల్లోనే ఆ ప్రాంతం కొలిమిలా ఉంటుంది. నేను ఒకసారి ఏప్రిల్‌లో, ఒకసారి జూన్ చివర్లో అమ్మానాన్నలతో వెళ్ళాను. రెండోసారి నేర్చుకున్నవే ఇవన్నీ.

మా నాన్న కొత్తగూడెం మనిషి. నలభై దాటుతుందట అంటే "మనం చూడని ఎండా" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాం. మన దగ్గర పన్నెండు నుంచి మూడు దాకా ఇంట్లో ఉండి నాలుగున్నరకి బయటికొస్తే ఎండ తగ్గుముఖం పడుతుంది కదా, అదే లెక్కన ఐదుకి గదిలోంచి బయల్దేరాం. స్పెయిన్ ఉండేది ఇంచుమించు ఇంగ్లండ్ రేఖాంశం మీద, గడియారం మాత్రం 1940 నుంచి జర్మనీ వాళ్ళ టైమే, వేసవిలో దాని మీద ఇంకో గంట ముందుకి జరుపుతారు. అందుకని జూలైలో కాసెరెస్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండున్నర అవుతుంది. ఎండ అసలు మండేది సాయంత్రం ఐదు, ఆరు గంటలకి. పొద్దుగుంకేది పది కావస్తుండగా. అంటే మేం బయటికొచ్చిన ఐదు గంటలు మన లెక్కలో రెండున్నర. దానికితోడు గాలి పొడిగా ఉండి చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఒంట్లోంచి నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. త్రుహీయోలో కోట ఎక్కుతూ అమ్మ మాట్లాడటం మానేసి ఒక గోడ నీడలో కూర్చుండిపోయింది. ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి రోజును అక్కడివాళ్ళలాగే మలుచుకోండి. ఉదయం ఏడున్నరకి కారెక్కండి, చూడాల్సినవి ఒంటిగంటలోపు చూసేయండి, రెండు నుంచి ఏడున్నర దాకా ఏసీ గదిలో ఉండండి, ఎనిమిది దాటాకే మళ్ళీ బయటికి. రూమ్ బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందో లేదో రాసి అడగండి, పల్లెల్లో పాత రాతి ఇళ్ళలో ఉండకపోవచ్చు. అక్కడి వాతావరణ శాఖ పేరు ఆయెమెత్, రోజూ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. నారింజ ఉన్న రోజు పెద్దవాళ్ళతో దూరాలు పెట్టుకోవద్దు, ఎరుపు ఉంటే ఆ రోజు ప్రయాణమే వద్దు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళయితే మొహమాటం లేకుండా చెప్తున్నా, టికెట్లు మార్చుకుని ఏప్రిల్‌కో అక్టోబరుకో వెళ్ళండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్తే హెర్తె లోయ నిండా చెర్రీ చెట్లు తెల్లగా పూసి ఉంటాయి, చూసుకోవచ్చు కూడా.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. అక్కడ మధ్యాహ్నం భోజనం రెండు నుంచి నాలుగు, రాత్రి భోజనం తొమ్మిదికి గానీ మొదలవదు. ఆ మధ్యలో వంటగది మూసేస్తారు, ఎంత అడిగినా కాఫీ, చిప్స్ తప్ప ఏమీ దొరకవు. రెండు నుంచి ఐదు దాకా కొట్లు కూడా మూతే. మాత్ర వేసుకున్నాక అన్నం దొరక్కపోతే ఎంత టెన్షనో షుగర్ ఉన్న ఇంట్లో చెప్పక్కర్లేదు. అందుకని బ్రెడ్డు, పండ్లు, పెరుగు, అటుకులు, ఏదో ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి, మాత్రల టైములు మార్చాలంటే బయల్దేరకముందే డాక్టర్‌ని అడగండి. ఆపి ఉన్న కారులో ఇన్సులిన్‌ని అరగంట కూడా వదలొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, అయిపోతే ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న మందుల షాపులో "సుయేరో ఓరల్" అని అడిగితే ఇస్తారు. మనిషికి రెండు లీటర్లు తక్కువ కాకుండా నీళ్ళు కారులో, డిక్కీలో కాదు, చేతికి అందేచోట పెట్టుకోవాలి.

ఇక బండి నడిపేవాళ్ళ సంగతి. కుడివైపు నడపడం అలవాటు లేనివాళ్ళు సిటీ ట్రాఫిక్ గురించి భయపడతారు గానీ, సిటీలో ముందు కారు వెనకాల వెళ్ళిపోతాం, తప్పు జరగదు. ప్రమాదం ఉన్నది ఖాళీ రోడ్డు మీద. ఎస్త్రెమదూరాలో ఇరవై నిమిషాల పాటు ఒక్క కారు కనబడని రోడ్లున్నాయి. బంకులోంచో, వ్యూపాయింట్ దగ్గర ఆగిన చోటు నుంచో మళ్ళీ రోడ్డెక్కేటప్పుడు ముందు ఎవరూ ఉండరు, చెయ్యి దానంతట అదే ఎడమకి తిప్పేస్తుంది, ఎదురుగా ఎవరూ రాకపోతే తప్పు చేసినట్టు కూడా తెలియదు, మలుపు దాకా. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఆగిన ప్రతిసారీ, కదిలే ముందు పక్క సీట్లో ఉన్న మనిషి "కుడి" అని పైకి అనాలి. మూడో రోజు కూడా అనాలి, ఎందుకంటే అలవాటైపోయిందనుకున్న రోజే మరచిపోతాం. రౌండబౌట్‌లో ఎడమ నుంచి వచ్చే బండికి దారివ్వాలి, సందేహం వస్తే లోపలే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమీ అనరు.

వేగం హైవేలో 120, మామూలు రెండు వరసల రోడ్డు మీద 90. ఊళ్ళలోకి వచ్చాక ఒక్కో వైపు ఒకే వరస ఉన్న వీధిలో 30, ఫుట్‌పాత్ విడిగా లేని సందుల్లో 20, ఇది 2021 మే నుంచి. ఫోను చేతిలో పట్టుకుంటే 200 యూరోలు. 135 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలు వెనక సీట్లోనే, పిల్లల సీటులోనే కూర్చోవాలి.

లైసెన్స్ ఇండియాదైతే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలి, అది ఇండియా నుంచి బయల్దేరక ముందే తీసుకోవాలి. యూరప్ లైసెన్స్ ఉంటే అక్కర్లేదు. అద్దె కారుకి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు, ఇండియా కార్డయితే విదేశీ వాడకం ఆన్ చేసుకున్నారో లేదో విమానం ఎక్కకముందే చూసుకోండి. గేరు కార్లే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. తీసుకునేటప్పుడు నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ కింది భాగం, ముందు అద్దం అన్నీ వీడియో తీయండి. మాకు ఒక కంపెనీ నెల తర్వాత రిమ్ము గీత పేరుతో డబ్బు కోసేసింది, వీడియో పంపితే వెనక్కిచ్చారు. డ్యాష్‌బోర్డ్ అరలో వీ-16 అనే నారింజ రంగు లైటు ఉందో లేదో చూడండి. 2026 జనవరి 1 నుంచి స్పెయిన్ బండ్లకి త్రిభుజాల బదులు అదే తప్పనిసరి. బండి ఆగిపోతే దిగకుండానే చెయ్యి బయటపెట్టి పైకప్పు మీద పెట్టొచ్చు. మెరిసే జాకెట్ వేసుకున్నాకే దిగాలి, కాబట్టి దాన్ని డిక్కీలో దాచకండి.

బంకు దగ్గర మన బుర్రని తికమకపెట్టే పేర్లున్నాయి. "గసొలీనా" అంటే పెట్రోలు, "గసోలియో" అంటే డీజిలు. వినడానికి ఒకేలా ఉంటాయి. మూత లోపల రాసి ఉన్న ఈ5 గానీ బీ7 గానీ పంపు మీది గుర్తుతో పోల్చి చూశాకే పోయించండి. తప్పు నూనె పడితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఫోను చేయండి. పల్లెల్లో చాలా బంకుల్లో మనిషి ఉండడు, కార్డు పెట్టి ముందే డబ్బు కట్టాలి, కొన్నిచోట్ల మన కార్డు తీసుకోదు. ట్యాంకు సగానికి వచ్చిందంటే నింపేయండి, ముఖ్యంగా గ్వాదలూపే కొండదారి పట్టేముందు. ఆ లోయల్లో సిగ్నల్ కూడా పోతుంటుంది, మ్యాపు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఎమర్జెన్సీ నంబరు 112, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ ఏదైనా ఉంటే కలుస్తుంది.

పాత ఊళ్ళలో మ్యాపుని నమ్మొద్దు. కాసెరెస్ గోడల లోపలి సందులు గుర్రాల కాలంనాటివి, అద్దాలు మడిచినా కారు పట్టని చోట్లున్నాయి, కొన్ని సందుల్లోకి అక్కడి నివాసులకే ప్రవేశం, కెమెరాలు ఉంటాయి. మాకు మలుపులో రెండు పక్కలా చెరో చెయ్యి జాగా మిగిలింది, నాన్న దిగి ముందు నడుస్తుంటే ఇంచీ ఇంచీ వెనక్కి తీసుకున్నాను. గోడ బయటే పార్కింగ్‌లో పెట్టి, సామాను ఎక్కడ దించాలో హోటల్‌కి ఫోను చేసి అడగండి. నీలం గీత ఉంటే డబ్బు కట్టే పార్కింగ్, పసుపు గీత ఉంటే పెట్టకూడదు.

రాత్రి డ్రైవింగ్ వద్దని గట్టిగా చెప్తున్నా. మోన్‌ఫ్రాగ్వే నేషనల్ పార్కు చుట్టుపక్కల జింకలు, అడవి పందులు పొద్దుగుంకేటప్పుడు, తెల్లవారుజామున రోడ్డు దాటుతాయి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉందనే లెక్క. ఎదురుపడితే స్టీరింగ్ కొట్టకుండా నేరుగా బ్రేకు వేయండి. మెరిదాలో రోమన్ థియేటర్‌లో వేసవి నాటకోత్సవం 1933లో మొదలైంది, ప్రదర్శన రాత్రి పదిన్నర దాటాక గానీ మొదలవదు, రెండు వేల ఏళ్ళ నాటి ఆ రాతి మెట్ల మీద కూర్చుని చూడటం నిజంగా గొప్ప అనుభవం. ఆ రాత్రికి మెరిదాలోనే రూమ్ తీసుకోండి. మోన్‌ఫ్రాగ్వేలో రాబందులు చూసే సాల్తో దెల్ హితానో అనే వ్యూపాయింట్ రోడ్డు పక్కనే ఉంది. కొండ మీద ఒక్కసారిగా పది ఎగిరేసరికి ఎవరైనా బ్రేకు వేస్తారు, అక్కడ ఆగే జాగా ఉంది, అందులోకి వెళ్ళాకే తలెత్తండి.

ఓక్ చెట్ల కింద పందులు, ఆవులు మేసే విశాలమైన బీళ్ళని అక్కడ దెహెసా అంటారు. ఫొటోకి అందంగా ఉంటాయి, కానీ చాలావరకు ఎవరివో సొంత భూములు. "గనాదో బ్రావో" అన్న బోర్డు కనబడితే లోపల ఉన్నవి బుల్‌ఫైట్ కోసం పెంచే ఎద్దులని అర్థం, కంచె దాటొద్దు. గడ్డిలో నడవాలంటే నిండు ప్యాంటు, సాక్సు వేసుకోండి. కాంగో జ్వరం వైరస్ ఉన్న గోమార్లు కాసెరెస్ ప్రాంతంలో జింకల మీద 2010లోనే దొరికాయి, స్పెయిన్‌లో మనుషుల్లో దాన్ని మొదటిసారి గుర్తించింది 2016లో. అరుదే, కానీ సాయంత్రం స్నానానికి ముందు పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో చూడండి, పట్టుకుని ఉంటే చేత్తో నలపకుండా సన్న పట్టకారుతో లాగి, తర్వాతి రోజుల్లో జ్వరమొస్తే డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి.

ఎండుగడ్డి మీద కారు ఆపకండి, పొగగొట్టం వేడికే అంటుకుంటుంది. 2025 ఆగస్టులో హరీయా దగ్గర మొదలైన మంట వేల హెక్టార్లు కాల్చేసింది. సిగరెట్ పీక బయట పడేస్తే 500 యూరోల జరిమానా, జరిమానా సంగతి పక్కనపెట్టినా ఆ ఊళ్ళవాళ్ళు ఎంత పోగొట్టుకున్నారో తెలిస్తే చెయ్యి రాదు. రోడ్డు మీదకి పొగ వస్తుంటే దాటేద్దాం అనుకోకుండా వెనక్కి తిప్పి 112కి చెప్పండి.

లా వేరా, హెర్తె వైపు కొండవాగుల్లో ఈత గుంటలుంటాయి, నీళ్ళు అద్దంలా ఉంటాయి. గ్రానైట్ రాళ్ళ మీద పాకుడు బాగా ఉంటుంది, నీళ్ళు చల్లగా ఉండి ఎండలోంచి ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. మెల్లగా దిగండి, తలకిందులుగా దూకొద్దు, పెద్దవాళ్ళని రాళ్ళ మీద నడిపించొద్దు.

శాకాహారులు "సిన్ కార్నె" అంటే సరిపోదు, హామ్ ముక్కలు, ట్యూనా చేప వాళ్ళ లెక్కలో మాంసం కాదు. "నీ హమోన్, నీ అతూన్" అని కూడా చెప్పాలి. మిగాస్ అనే రొట్టెపొడి వంటకంలో పంది కొవ్వు ఉంటుంది. తోర్తా దెల్ కాసార్ అనే గొర్రెపాల చీజ్ మాత్రం అమ్మ కూడా తినగలిగింది, దాన్ని ఒక ముళ్ళ మొక్క పువ్వుతో తోడుపెడతారు, దూడ పొట్టలోని పదార్థంతో కాదు. లా వేరాలో ఓక్ కట్టెల పొగ మీద ఎండబెట్టే మిరపపొడి దొరుకుతుంది. పచ్చడిలో వేస్తే కాల్చిన మిరపకాయల వాసన వస్తుంది, రెండు డబ్బాలు తెచ్చుకోండి. తీపి, తీపి-కారం, కారం అని మూడు రకాలు, మనకి "పికాంతె" అని రాసి ఉన్నది.

బదహోస్ దాకా వెళ్ళాక పోర్చుగల్ ఐదు నిమిషాలే కదా అని దాటేయబోతారు. అద్దె కాగితంలో సరిహద్దు దాటడానికి అనుమతి, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో కారు తీసుకున్న రోజే రాయించుకోండి, అవతల టోల్ ఎలా కట్టాలో కూడా అప్పుడే అడగండి. అక్కడ గడియారం గంట వెనక్కి ఉంటుంది, అమ్మావాళ్ళ మాత్రల అలారం ఫోనుతో పాటు మారిపోకుండా చూసుకోండి.