మాంద్యం వార్తలు రోజంతా నడుస్తుంటే ఎలా చూడాలి?

నేను 26 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో పనిచేశాను. 2008 ఆర్థిక సంక్షోభం చూశాను, 2020 కరోనా చూశాను. రెండుసార్లూ ఒకటే తీరు. రాత్రంతా టీవీలో ఎర్ర పట్టీ నడుస్తుంది. తెల్లారి మేం షట్టర్ ఎత్తేసరికి బయట మెట్ల మీద ఎఫ్‌డీ బాండ్లు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. ముఖం చూస్తేనే నిద్ర లేదని తెలిసిపోతుంది. ఏమైందండీ అంటే "అంతా కూలిపోయిందట కదా" అంటారు. ఏది కూలింది, ఎంత కూలింది, అందులో మీదెంత అని అడిగితే జవాబు ఉండదు. ఎనిమిది గంటలు టీవీ ముందు కూర్చున్న మనిషికి ఒక్క అంకె కూడా గుర్తుండదు. నా కోపం ఆ మనిషి మీద కాదు. ఎనిమిది గంటల్లో ఒక్క అంకెనైనా విడమరిచి చెప్పని ప్రసారం మీద.

టీవీని తిట్టుకుంటే మన డబ్బుకు ఒరిగేదేమీ లేదు. చూసే పద్ధతి ఒకటుంది. నేను పాటించేది, అడిగిన వాళ్లందరికీ చెప్పేది ఇదే.

కావలసినవి

100 పేజీల రూళ్ల నోటు పుస్తకం, పెన్ను, దుకాణాల్లో వాడే చిన్న క్యాలిక్యులేటర్, గోడ క్యాలెండరు. ఫోన్‌లో రాసుకోకూడదు. ఫోన్ తెరిస్తే ముందు వాట్సాప్ కనిపిస్తుంది, ఇక అంతే. పెన్సిలు కూడా వద్దు. తప్పు రాస్తే కొట్టివేత కనబడాలి, చెరిగిపోకూడదు.

మొదటి మెట్టు: క్యాలెండర్లో గుర్తులు పెట్టండి

రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే మనం కొనే సరుకుల ధరలు ఏడాదిలో ఎంత పెరిగాయన్న లెక్క, నెలకొకసారి వస్తుంది, మామూలుగా 12వ తేదీన. జీడీపీ, అంటే దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ లెక్క, మూడు నెలలకొకసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలాఖర్లలో. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్ల సమావేశం దాదాపు రెండు నెలలకొకసారి. ఆర్థిక వ్యవస్థ గురించి నిజంగా కొత్త సంగతి వచ్చే రోజులు నెలలో మహా అయితే రెండో మూడో ఉంటాయి. మిగిలిన రోజుల్లో పట్టీ మీద నడిచేదంతా పాత అంకె మీద కొత్త మాటలే. వంటింటి క్యాలెండర్లో ఈ తేదీలకు సున్నా చుట్టండి.

రెండో మెట్టు: వేళ పెట్టుకోండి

పొద్దున కాఫీ తాగాక పేపర్లో బిజినెస్ పేజీ, సాయంత్రం ఏడింటికి ఇరవై నిమిషాలు టీవీ. కాఫీకి ముందు పేపరు ముట్టుకోకూడదు. రాత్రి తొమ్మిది దాటాక వార్తలు వద్దు. నాలుగు పెట్టెల్లో నలుగురు కూర్చుని అరుచుకోవడం మొదలవగానే మ్యూట్ నొక్కండి. కింద పట్టీలో అంకె వస్తే రాసుకోండి, లేకపోతే కట్టేయండి.

"అసలు వార్తలే మానేయండి, ప్రశాంతంగా ఉంటారు" అని ఇప్పుడు చాలామంది చెబుతున్నారు. ఆ సలహా నాకు బొత్తిగా నచ్చదు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు రుణ వాయిదాలకు మూడు నెలల మారటోరియం, అంటే తర్వాత కట్టుకునే వెసులుబాటు, ప్రకటించింది. మే 22న దాన్ని ఆగస్టు చివరి దాకా పొడిగించింది. జీతాలు ఆగిపోయిన ఇళ్లకు అది అత్యవసరమైన కబురు. టీవీ కట్టేసి కూర్చున్నవాళ్లకు అది ఆలస్యంగా అందింది. రోజంతా టీవీ చూసినవాళ్లలో చాలామంది మారటోరియం అంటే మాఫీ అనుకున్నారు. జీతం సక్రమంగా వస్తున్నవాళ్లు కూడా వాయిదా కట్టడం ఆపేశారు. 20 లక్షల ఇంటి అప్పు, 8 శాతం వడ్డీ అనుకోండి. ఆరు నెలలు ఆపితే దాదాపు 80 వేల వడ్డీ అప్పుకు కలుస్తుంది. టీవీ కట్టేసినా నష్టమే, రోజంతా చూసినా నష్టమే. అందుకే వేళ పెట్టుకుని, రాసుకుంటూ చూడమంటున్నాను.

మూడో మెట్టు: అంకెను నిలదీయండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. తక్కిన మెట్లన్నీ పది నిమిషాల్లో అబ్బుతాయి, దీనికి ఓపిక కావాలి. తొందరపడకండి.

పేజీలో నాలుగు గడులు గీయండి: అంకె, దేనితో పోలిస్తే, శాతం, ఏడాది తర్వాత. నాలుగో గడి ఇప్పుడు ఖాళీగానే ఉంటుంది, ఉండాలి. రెండో గడి నిండేదాకా మొదటి గడిలోని అంకెను నమ్మకండి, ఎవరికీ చెప్పకండి.

ముందుగా పాయింట్లు. 2020 మార్చి 23న సెన్సెక్స్, అంటే ముంబై స్టాక్ ఎక్స్ఛేంజీలో 30 పెద్ద కంపెనీల షేర్ల ధరల సూచీ, 3,934 పాయింట్లు పడింది. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, 4,389 పాయింట్లు పడింది. పాయింట్లు చూస్తే రెండోదే పెద్ద పతనం. పట్టీ మీద కూడా అలాగే నడుస్తుంది. శాతంలోకి మార్చండి: మొదటిది 13.15, రెండోది 5.74. సగం కూడా కాదు. ఇంకా వెనక్కి, షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడిన రోజుల్లోకి వెళ్తే, 1992 ఏప్రిల్ 28న సెన్సెక్స్ పడింది 570 పాయింట్లే. కానీ అది 12.77 శాతం. 570 పడ్డ రోజు 4,389 పడ్డ రోజు కంటే రెండింతలకు పైగా పెద్ద దెబ్బ. సూచీ పెరిగే కొద్దీ పాయింట్లు పెద్దవవుతాయి. కాబట్టి "చరిత్రలోనే అతి పెద్ద పతనం" అని వినబడగానే క్యాలిక్యులేటర్ అందుకోండి. పాయింట్లను ముందురోజు ముగింపుతో భాగించి నూటితో గుణించండి. ఈ పని పెద్దవాళ్లు చేయడం బద్ధకమైతే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలతో చేయించండి.

తర్వాత జీడీపీ. 2020 ఆగస్టు 31న ప్రభుత్వం ఏప్రిల్-జూన్ లెక్క విడుదల చేసింది: 23.9 శాతం తగ్గుదల. మూడు నెలల లెక్కలు ఇవ్వడం మొదలయ్యాక అంత పెద్ద తగ్గుదల లేదు. భయపడాల్సిన అంకే. కానీ ఆ రాత్రి చాలా ఇళ్లలో దాన్ని "ఏడాది ఆదాయంలో నాలుగో వంతు పోయింది" అని అర్థం చేసుకున్నారు. రెండో గడిలో రాయాల్సింది ఇది: 2019లో అవే మూడు నెలలతో పోలిస్తే. పైగా లాక్‌డౌన్‌తో దేశమంతా తాళం పడిన మూడు నెలలు. మొత్తం ఏడాదికి చూస్తే తగ్గుదల అందులో మూడో వంతు కూడా తేలలేదు.

ఇప్పుడు ఆ నాలుగో గడి. సరిగ్గా ఏడాదికి, 2021 ఆగస్టు 31న, అదే మూడు నెలలకు 20.1 శాతం వృద్ధి అన్నారు. అవే ఛానళ్లు, ఈసారి ఆకుపచ్చ పట్టీ, రికార్డు వృద్ధి. నా పుస్తకంలో లెక్క ఇలా ఉంది. 2019లో నూరు. 2020లో 24 తగ్గి 76. దాని మీద 20 శాతం అంటే 15 చిల్లర. మొత్తం 91. రికార్డు వృద్ధి వచ్చాక కూడా రెండేళ్ల కిందటి చోటుకు చేరలేదు. కిరాణా కొట్టు నడిపేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. పోయిన ఏడాది మూతబడి ఉన్న నెలతో పోల్చుకుంటే ఎవరి బేరమైనా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. రెండో గడి భయానికే కాదు, సంబరానికీ కావాలి.

మాటల విషయంలోనూ ఇంతే జాగ్రత్త. మందగమనం వేరు, మాంద్యం వేరు. వృద్ధి 8 శాతం నుంచి 5 శాతానికి వస్తే మందగమనం. బండి వెళ్తూనే ఉంది, వేగం తగ్గింది. జీడీపీ వరుసగా రెండు త్రైమాసికాలు, అంటే రెండు మూడు-నెలల లెక్కల్లో, తగ్గితే మామూలుగా మాంద్యం అంటారు. బండి వెనక్కి వెళ్తోంది. 2020 నవంబరులో జులై-సెప్టెంబరు లెక్క కూడా 7.5 శాతం తగ్గుదలగా వచ్చినప్పుడు ఆ మాట వాడటం న్యాయం. అంతకుముందూ ఆ తర్వాతా, షేర్లు పడ్డ ప్రతిరోజూ వాడటం అన్యాయం. పట్టీలో ఏ మాట వచ్చిందో ఆ మాటే రాసుకుని, పక్కన సరైన మాట రాయండి.

ఇక "లక్షల కోట్లు ఆవిరి". 2020 మార్చి 23న దాదాపు 14 లక్షల కోట్ల సంపద పోయిందన్నారు. ఎక్కడికి పోయింది? ఎవరు పట్టుకుపోయారు? మీ కాలనీలో గజం 20 వేలు నడుస్తోంది అనుకోండి. డబ్బు అవసరమై ఒకాయన తన ప్లాటు 17 వేలకు అమ్ముకున్నాడు. ఆ సాయంత్రానికి కాలనీలో అన్ని ప్లాట్లనూ 17 వేల లెక్కన గుణించి, తేడా మొత్తం ఆవిరైంది అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అమ్మినాయనకు నష్టం నిజం. రేపు పిల్ల పెళ్లికి అమ్మాల్సినవాళ్లకు బెంగ నిజం. అమ్మే పని లేనివాళ్ల స్థలం ఒక్క గజం కూడా తగ్గలేదు.

ఇంకొక్క హెచ్చరిక. టీవీ రోజంతా షేర్ మార్కెట్‌నే చూపిస్తుంది, ఎందుకంటే ఆ అంకె క్షణక్షణం కదులుతుంది. కూలి రేటు కదలదు, మూతబడిన షాపు కదలదు. 2021 జనవరి 21న సెన్సెక్స్ 50,000 తాకింది. అప్పటికి మా వీధి చివరి టిఫిన్ సెంటర్ తలుపులు తెరవలేదు, ఆ తర్వాతా తెరవలేదు. పెనం, గ్రైండరు, నాలుగు స్టీలు బల్లలు చాలాకాలం ఆ అరుగు మీదే దుమ్ము పట్టి ఉన్నాయి. అందుకని పేజీ అడుగున మీ వీధి సంగతి ఒక వాక్యం రాయండి. ఇది తప్పనిసరి.

నాలుగో మెట్టు: మూడు రాత్రులు ఆగండి

వార్త విన్న రోజు డబ్బు కదపకూడదు. ఎఫ్‌డీ తీయడం, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే డబ్బు) ఆపడం, బంగారం అమ్మడం, ఏదైనా సరే మూడు రాత్రులు నిద్రపోయాకే. రెండు చాలవు, నేను చూశాను.

2020 మార్చి మొదటి వారంలో ఒక ప్రైవేటు బ్యాంకు చెల్లింపుల మీద మారటోరియం, అంటే తాత్కాలిక ఆంక్ష, పెట్టి, ఖాతాదారుకు 50 వేలకు మించి ఇవ్వొద్దన్నారు. రెండు రోజులపాటు టీవీలో ఏటీఎంల ముందు క్యూలే. సోమవారం ఒక రిటైర్డ్ మాస్టారు మా బ్రాంచికి వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన బాండు, నాలుగు లక్షలది.

"మాస్టారూ, మీ డబ్బు ఆ బ్యాంకులో ఉందా?" అని అడిగాను.

"లేదు బాబూ, ఇక్కడే, మీ దగ్గరే."

బ్యాంకు మునిగినా ఖాతాదారుకు అందే డిపాజిట్ బీమా లక్ష నుంచి 5 లక్షలకు పెరిగి అప్పటికి నెల దాటింది. ఫిబ్రవరి 4 నుంచే అమల్లోకి వచ్చింది. ఆయన నాలుగు లక్షలూ బీమా కిందే ఉన్నాయి. ఆ సంగతి ఆయన టీవీలో ఎక్కడా వినలేదు. నేను కాగితం మీద రాసి చూపించాను. "ఒక్క రెండు రోజులు ఆగండి" అన్నాను. ఆగారు. రెండో రాత్రి కూడా టీవీ చూసి, బుధవారం వచ్చి గడువుకు ముందే తీసేసుకున్నారు. మార్చి 18న ఆ బ్యాంకు మీద మారటోరియం ఎత్తేశారు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, మార్చిలో 4.40కి, మేలో 4 శాతానికి తగ్గించింది. డిపాజిట్ల వడ్డీలూ దిగాయి. జూన్‌లో మాస్టారు అదే కవరుతో డబ్బు తెచ్చి మళ్లీ వేశారు, దాదాపు రెండు శాతం తక్కువకు. ఏడాదికి 8 వేలు. ఆయన మందుల ఖర్చు అంతే ఉంటుందని ఆయనే చెప్పారు.

అయిదో మెట్టు: అమెరికాలో పిల్లలుంటే

అక్కడ ఐటీ ఉద్యోగాలు పోతున్నాయన్న వార్త మనకు వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. వెంటనే ఫోన్ చేయకండి. వాళ్లు ఆఫీసులో ఉంటారు, మీ గొంతు వింటే పని చెడుతుంది. హెచ్-1బీ, అంటే అక్కడి ఉద్యోగ వీసా, మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చూసుకోవడానికో, వీసా మార్చుకోవడానికో 60 రోజుల దాకా గడువు ఉంటుంది. ఆ 60ని పుస్తకంలో రాసుకోండి. మన శనివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేయండి, వాళ్లకు శుక్రవారం రాత్రి అవుతుంది. తిన్నావా అని అడగండి. ఉద్యోగం మాట వాళ్లు ఎత్తితే వినండి, ఎత్తకపోతే మనవరాలికి ఫోన్ ఇవ్వమనండి.