పికప్‌లోకి బరువు మిషన్లు ఎక్కించడం – 3వ పాఠం: ర్యాంప్

పోయిన పాఠంలో మిషన్ బరువు ఎంతో, ఆ బరువుని మన పికప్ తట్టుకుంటుందో లేదో చూసుకున్నాం కదా, ఈసారి ర్యాంప్, అంటే మిషన్ ఎక్కించడానికి నేల నుంచి బండి దాకా వాలుగా వేసే పలక. గడ్డి కోసే లాన్ మోవర్ కానీ నేల దున్నే టిల్లర్ కానీ మంచు ఎత్తిపోసే స్నో బ్లోవర్ కానీ, పైకి ఎక్కించేటప్పుడు దెబ్బలు తగిలేది బలం చాలక అనుకుంటారు చాలామంది, కానీ ఎక్కువగా భయపడాల్సింది కింద ర్యాంప్ కదిలిపోవడం గురించే.

ముందు వాలు. టేపు పెట్టి నేల నుంచి టెయిల్‌గేట్ (కిందికి దించిన బండి వెనక తలుపు) దాకా కొలవండి. 85 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, 6 అడుగుల ర్యాంప్ వేస్తే వాలు సుమారు 28 డిగ్రీలు, 8 అడుగులది వేస్తే 20. అంటే 100 కిలోల మిషన్‌కి మొదటిదాని మీద 46 కిలోల దాకా తొయ్యాలి, రెండోదాని మీద 35 చాలు. అందుకే పొడుగు ర్యాంపే కొనండి, దీని దగ్గర మాత్రం డబ్బులు చూసుకోకండి. వెనకాల గట్టినేల కొంచెం ఎత్తుగా ఉన్నచోట బండి ఆపి ర్యాంప్ కింది కొస ఆ ఎత్తు మీద పెడితే వాలు ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మిషన్ తనంతట తను నడిచేదైతే దాని చక్రాలు మిషన్‌ని ముందుకి తోస్తూ ర్యాంప్‌ని వెనక్కి తంతాయి. ర్యాంప్ పైకొస టెయిల్‌గేట్ మీద ఉండేది కొన్ని అంగుళాలే, అది కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతుంటే మన కళ్ళు మిషన్ మీద ఉంటాయి కాబట్టి కనపడదు, సగం ఎక్కాక ఒక్కసారిగా ఊడి పడుతుంది. కాబట్టి ర్యాంప్‌ని గొలుసుతోనో బెల్టుతోనో బండి కింద గట్టి ఇనుప భాగానికి బిగించి కట్టాలి, ప్లాస్టిక్ బంపర్‌కి కాదు. కట్టాక రెండు చేతులతో వెనక్కి లాగి చూడండి, వేలు మందం కదిలినా మళ్ళీ బిగించండి. అంతకంటే ముందే హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్లో పెట్టి, చక్రాలకి అడ్డం పెట్టి ఉండాలి, బండి ముందుకి జరిగినా ఫలితం అదే.

వెనకాల నడుస్తూ తోలే మిషన్ అయితే రెండు పట్టీల ర్యాంప్ వద్దు, మీరు అడుగెక్కడ వేస్తారు? మధ్యలో కూడా పలక ఉండాలి, తడి ఉండకూడదు.

ఎక్కించేటప్పుడు బ్లేడ్లు ఆపేసి ఉండాలి. అన్నిటికంటే తక్కువ గేర్లోనే ఎక్కించండి. మధ్యలో ఆగడం, గేర్ మార్చడం, చేత్తో పట్టుకున్న క్లచ్ లివర్ వదలడం ఏదీ వద్దు, కొన్ని మిషన్లు క్లచ్ వదలగానే వెనక్కి దొర్లుతాయి. అలా దొర్లితే ఆపబోకండి, వదిలేసి పక్కకి దూకండి, మిషన్ పోతే పోయింది. సాయం చేసేవాళ్ళు పక్కన నిలబడాలి, కింద వాలులో ఎవరూ ఉండకూడదు.

నన్నడిగితే 100 కిలోలు దాటినవాటికి ఇంజన్ ఆపేసి హ్యాండ్ విన్చ్‌తో (చేత్తో తిప్పితే తాడు చుట్టుకుంటూ బరువుని లాగే పరికరం) లాగడమే మేలు, టైం పడుతుంది కానీ మిషన్ కింద మనిషి ఉండడు.

ఈ వారం ప్రాక్టీస్: మిషన్ లేకుండా ర్యాంప్ వేసి, కట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి వాలు ఎంతో చూడండి. మీ మిషన్ మాన్యువల్లో ఎంత వాలు దాకా ఒప్పుకున్నారో కూడా రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో మిషన్‌ని బండిలో కదలకుండా బిగించే రాట్చెట్ బెల్టులు ఎక్కడ తగిలించాలో చూద్దాం.