కొవ్వు కణం మీద మందుల పని – 4వ పాఠం: గ్లిసరాల్ పెరిగితే కొవ్వు కరిగినట్టేనా?

పోయినసారి ఇచ్చిన లెక్కకు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట జారాయి. అందుకే ఇన్సులిన్ పాఠం వచ్చేసారికి వాయిదా.

లెక్క గుర్తుంది కదా. బొడ్డు పక్కన చర్మం కింది కొవ్వులో మైక్రోడయాలిసిస్ గొట్టం (ద్రవాన్ని లోపలికి పంపి, చుట్టుపక్కల పదార్థాలతో కలిపి బయటికి తెచ్చే సన్న గొట్టం) పెట్టి నారడ్రినలిన్ (నరాలు వదిలే రసాయనం) పంపితే, బయటికొచ్చిన ద్రవంలో గ్లిసరాల్ (కొవ్వు కరిగితే ఫ్యాటీ ఆమ్లాలతో పాటు విడివడేది) లీటరుకు 200 నుంచి 260 మైక్రోమోల్స్‌కి పెరిగింది, ఇథనాల్ నిష్పత్తి (పంపిన ద్రవంలో కలిపిన ఇథనాల్‌లో ఎంత వంతు తిరిగొచ్చిందో) 0.50 నుంచి 0.70కి ఎక్కింది (లెక్క కోసం వేసిన అంకెలే). మీరంతా గ్లిసరాల్ చూసి "కొవ్వు 30 శాతం ఎక్కువ కరిగింది" అని రాసేశారు, ఇథనాల్ ఊసే లేదు. నాకు బాగా చిరాకు తెప్పించే తప్పు ఇదే, ఎందుకంటే ఆ ఇథనాల్ కలిపిందే దీనికోసం.

గుణుపురం సంతలో వంకాయలు కుప్పపడ్డాయంటే కాపు ఎక్కువైందనేనా? సరుకెత్తుకెళ్లే వ్యాను రాలేదేమో కూడా చూడాలి కదా. కణం వదిలిన గ్లిసరాల్‌ని రక్తం మోసుకుపోతుంది, ఇథనాల్‌నీ అంతే. కొవ్వు కణజాలం ఇథనాల్‌ని దాదాపు వాడుకోదు కాబట్టి, లోపలికి పంపినదాంట్లో ఎక్కువ భాగం గొట్టంలోనే తిరిగొచ్చిందంటే రక్తప్రవాహం తగ్గిందన్నమాట. నిష్పత్తి పెరిగితే ప్రవాహం తగ్గినట్టు, ఈ తిరగేసిన లెక్క దగ్గరే అందరూ తడబడతారు.

నారడ్రినలిన్ బీటా గ్రాహకాల (కణం మీద మందు అతుక్కునే చోట్లు) ద్వారా కణం లోపలి సంకేతం సైక్లిక్ ఏఎంపీని పెంచి కొవ్వును కరిగిస్తుంది, ఆల్ఫా గ్రాహకాల ద్వారా రక్తనాళాలను బిగిస్తుంది. కాబట్టి ఆ 60లో కొంత కొత్తగా వచ్చింది, కొంత బయటికి పోలేక నిలిచిపోయింది. ఎంతెంతో ఈ రెండు అంకెలతో తేలదు. "30 శాతం" అని రాయకండమ్మా.

బీటా గ్రాహకాలనే తట్టే మందు ఐసోప్రినలిన్‌తో దీనికి రివర్స్. అది కొవ్వునూ కరిగిస్తుంది, నాళాలనూ వెడల్పు చేస్తుంది, దాంతో గ్లిసరాల్ వచ్చింది వచ్చినట్టే కొట్టుకుపోయి గొట్టంలో అంకె నిజం కంటే చిన్నగా కనబడుతుంది. క్లోనిడిన్ ఇంకా చిక్కు పెడుతుంది. ఆల్ఫా-2 అనే రకం ఆల్ఫా గ్రాహకాల ద్వారా కరగడాన్ని అణిచేస్తూనే ప్రవాహాన్నీ తగ్గిస్తుంది, అందుకని గ్లిసరాల్ పెద్దగా తగ్గనట్టు, ఒక్కోసారి పెరిగినట్టు కూడా కనిపించొచ్చు. ప్రోప్రనలాల్ సంగతి తెలిసిందే, బీటాను మూసేస్తుంది.

నేనైతే ముందు ఇథనాల్ వరస చదివి, ప్రవాహం ఎటు పోయిందో మార్జిన్‌లో బాణం గుర్తు వేసుకున్నాకే గ్లిసరాల్ వరస ముట్టుకుంటాను. ఫ్యాటీ ఆమ్లాల జోలికి మాత్రం పోను, కణం వాటిని మళ్లీ కొవ్వుగా కట్టేసుకుంటుంది. గ్లిసరాల్‌ని తిరిగి వాడే ఎంజైము అక్కడ బాగా తక్కువ, అందుకే దాన్ని నమ్ముతాం.

అభ్యాసం ఒక్కటే, కానీ కాస్త గట్టిది. క్లోనిడిన్‌తో పాటు నాళాలను మాత్రమే వెడల్పు చేసే హైడ్రాలజీన్ కలిపి పంపారు. ఇథనాల్ నిష్పత్తి, గ్లిసరాల్ ఎటు కదులుతాయి? గ్లిసరాల్ పడిపోతే అది దేని గురించి చెబుతోంది, కణం గురించా, నాళం గురించా? ఇథనాల్ మాట లేని జవాబు దిద్దను.