పాడుబడ్డ కొలనును ఒక్కరోజులో కడిగేయకండి

తోటలో కొలను నాచు, బురదతో నిండిపోతే నీళ్లన్నీ తోడేసి శుభ్రంగా కడిగేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ బురదలోనే తూనీగల పిల్లపురుగులు బతుకుతుంటాయి, దోమ లార్వాల్ని తినిపెట్టేవి అవి. ఈసారికి మూడో వంతు తీస్తే చాలు, మిగతాది తర్వాతి ఏడాది చూసుకోవచ్చు. తీసిన నాచును వెంటనే పారేయకుండా ఒకటి రెండు రోజులు గట్టు మీదే ఉంచండి. అందులో చిక్కుకున్న నత్తలు, పురుగులు మెల్లగా నీళ్లలోకి దిగిపోతాయి (నీటి అంచుకు దగ్గరగా పెట్టాలి సుమా). నింపడానికి వాననీరే మేలు, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. కప్పలు ఎక్కి దిగడానికి ఒక పక్క రాళ్లు వాలుగా పేర్చండి. చేపల్ని మాత్రం వదలకండి, కప్పగుడ్లనూ తోకకప్పలనూ తినేస్తాయి.